నాలుగు మూలల పసుపు

2023 చివరి నెలలు. ఒమాన్ దేశంలోని అజైబాలో ఒక ఫ్రేముల షాపులో వెనక గది నాది. ముందు గదిలో కుటుంబ ఫోటోలకూ డిగ్రీ సర్టిఫికెట్లకూ ఫ్రేములు కడతారు. వెనక గదిలో నేను పాత కాగితాలకు వైద్యం చేస్తాను. దీన్ని పేపర్ కన్జర్వేషన్ అంటారు. పురుగు తిన్న పత్రాలు, తడిసిన మ్యాపులు, తాతల కాలం నాటి నిఖా కాగితాలు, ఏవొచ్చినా దుమ్ము తీసి, మరక తగ్గించి, చిరుగు అతికి, ఇంకో యాభై ఏళ్ళు బతికేలా చేసి పంపాలి. హైదరాబాదులో పాత పత్రాలు దాచే ఒక ఆఫీసులో ఈ పని నేర్చుకుని, పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చాను. షాపు యజమాని ఒమానీ పెద్దాయన. మేమంతా అర్బాబ్ అంటాం.

ఈ పనికి అనుమానం ఒక అర్హత. వందేళ్ళ నాటిదని తెచ్చిన కాగితం నిన్న టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టింది కావచ్చు. నాకైతే అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాల ప్యాకెట్ మీద తేదీ రెండుసార్లు చూస్తాను. లిఫ్టులో ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారా అని ఇల్లు చేరేదాకా ఆలోచిస్తాను. "నువ్వు పోలీసుల్లో చేరాల్సిందానివి, దారి తప్పి కాగితాల్లోకి వచ్చావు" అని మా ఆయన ఏడిపిస్తుంటాడు. ఇన్నేళ్ళలో నా అనుమానం చాలాసార్లు నిజమైంది కాబట్టి దాని మీద కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒక శనివారం పొద్దున యాభై అయిదేళ్ళ మనిషి ఒకాయన, పాత దుప్పటిలో చుట్టిన చెక్కపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పేరు ఖాదర్ వలీ. కడప వాడు. బౌషర్‌లో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో డ్రైవర్. నేను తెలుగుదాన్నని తెలిసి మొహం విప్పారింది.

"దుమ్ము బట్టిందమ్మా. రెండిట్లో బూజు గూడ వచ్చినట్టుంది. శుక్రవారంలోగా బాగు జెయ్యాల" అన్నాడు.

పెట్టె తెరిచాను. పల్చటి కాగితాల మీద నల్ల సిరాతో గీసిన పదకొండు దేవతల బొమ్మలు. పై బొమ్మలో నాలుగు తీగల వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మవారు. కళ్ళు, జుట్టు ముడి జపాను వాళ్ళవి. కూర్చున్న తీరు మన సరస్వతిది. దాని కింద ఏనుగు తలల జంట. ఆ కింద పెద్ద టోపీ పెట్టుకుని గుడ్లురుముతున్న యమధర్మరాజు. మన దేవుళ్ళు బౌద్ధం వెంట నడిచి అంత దూరం వెళ్ళి, ఆ ఊరి బట్టలు కట్టుకున్నారని చదువుకునే రోజుల్లో విన్నాను. చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. అలవాటు కొద్దీ అమ్మవారి బొమ్మను కళ్ళకద్దుకోబోయి, గ్లవ్స్ గుర్తొచ్చి ఆగాను.

ఇవి ఏదో మతగ్రంథం కోసం గీసినవని చూడగానే తెలిసింది. పాతకాలంలో అక్కడ పుస్తకంలో బొమ్మ అచ్చు వేయాలంటే చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసి ఇచ్చేవాడు. చెక్కేవాడు దాన్ని చెక్క మీద బోర్లా అతికించి, కాగితంతో సహా చెక్కేసేవాడు. అంటే అచ్చుకెక్కిన బొమ్మ అసలు మిగలదు. చిత్తు గీతలు, తిప్పి పంపినవి మాత్రమే మిగులుతాయి. అందుకే అవి అరుదు. ఈ బొమ్మల్లో కుదరని చెయ్యి మీద చిన్న కాగితం ముక్క అతికించి మళ్ళీ గీసిన చోట్లు ఉన్నాయి. అచ్చమైన చిత్తు బొమ్మలు. అంత అరుదైనవి ఒక డ్రైవరు దుప్పట్లోకి ఎలా వచ్చాయన్నది నా మొదటి అనుమానం.

"ఎవరివండీ ఇవి?"

"మా సార్‌వమ్మా. జపాన్ సార్. సమాయిల్‌లో ఉండేవాడు, నీళ్ళ ఇంజనీరు. పందొమ్మిదేండ్లు ఆయనకాడ వంట జేసినా, కారు నడిపినా. వాళ్ళ తాత ఏదో మఠం పుస్తకానికి గీసినాడంట ఇయ్యన్నీ."

"మరి సార్ ఎక్కడున్నారు?"

"పోయినేడు పోయినాడు. ఊరికని పోయి, ఆడనే పోయినాడు. ఇల్లు ఖాళీ జెయ్యమన్యారు. సామాన్లన్నీ గోడౌన్‌లో ఏసినా. ఇయ్యి మాత్రం ఎండకి పాడైపోతాయని నా రూమ్‌లో పెట్టుకున్నా. ఆయన కూతురు శుక్రవారం వస్తాది. ఆ పాపకి ఇయ్యాల."

అంతా బాగానే ఉంది. మరీ బాగా ఉందని నాకు అనిపించింది. బిల్లు పుస్తకం తీసి, పేరు రాయబోతుంటే అడ్డుపడ్డాడు.

"నా పేరొద్దమ్మా. మా సార్ పేరు రాయండి."

చనిపోయిన మనిషి పేరున బిల్లు రాయమన్నవాణ్ణి అంతకుముందు చూడలేదు. "సామాను ఆయనది గదమ్మా, బిల్లు నా పేరుకెందుకు" అన్నాడు. ఇప్పుడు తల్చుకుంటే అందులో తప్పేమీ కనిపించదు. ఆ పూట మాత్రం నాకు ఒళ్ళంతా చెవులయ్యాయి.

అతను ఉండగానే బొమ్మలు ఒక్కొక్కటి లైటు కింద పెట్టి చూడసాగాను. కొత్తగా వచ్చిన కాగితానికి ఎక్కడెక్కడ దెబ్బ ఉందో రాసుకునే దాన్ని కండిషన్ రిపోర్ట్ అంటారు. అది రాస్తుండగా కనిపించింది. అమ్మవారి బొమ్మకు నాలుగు మూలలా పసుపు. యముడికీ అంతే. పదకొండింటికీ నాలుగు మూలలా పసుపు.

మన ఇళ్ళల్లో పెరిగిన ఎవరినైనా అడగండి, నాలుగు మూలలా పసుపు అంటే ఏమిటో చెబుతారు. శుభలేఖకు పెడతాం, కొత్త బట్టకు పెడతాం, కొత్త పుస్తకానికి పెడతాం. జపాను ఇంజనీరు పెట్టడు. ఖాదర్ వలీ పెట్టడు. ఈ బొమ్మలు ఏదో హిందువుల ఇంట్లో, దేవుడి గదిలో ఉన్నవి. ఈయన పనిచేసేది తెలుగువాళ్ళ ఇంట్లో. నా మనసులో లెక్క కుదిరిపోయింది.

"ఈ పసుపు ఎవరు పెట్టారు?" అన్నాను.

"పసుపా? నాకు తెల్దమ్మా. గోడ మీద ఉన్నప్పుడు లేదు. మౌంట్ అట్టలోనించి, ఆ కార్నర్లలోనించి తీసినాక కనపడింది. మొదట్నుంచీ అట్లనే ఉందేమో."

"గోడ మీద లేనిది, తీశాక ఎలా వస్తుంది?"

అతను చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. దాన్ని కూడా నేను అతని ఖాతాలో రాశాను. "ఏ బొమ్మ పక్కన ఏది ఉండేది?" అని అడిగితే వరసగా పదకొండూ చెప్పాడు. "ఈ వీణమ్మ నడిమధ్యన. సార్ పొద్దున్నే ఈమె ముందర నిలబడి కాఫీ తాగుతాడు." పాఠం బాగా వల్లించుకొచ్చాడని అనుకున్నాను. చెప్పలేకపోయి ఉంటే దొరికిపోయాడని అనుకునేదాన్ని. అనుమానం వచ్చాక ఎదుటి మనిషికి తప్పించుకునే దారి ఉండదు. "సరే, వెళ్ళు, గురువారం రా" అన్నాను. లోపలికి వచ్చినప్పుడు "మీరు" అన్నదాన్ని, ఎప్పుడు "నువ్వు"లోకి దిగానో నాకే తెలియలేదు.

బొమ్మలు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆదివారం పద్మజ గారికి ఫోన్ చేశాను. ఖాదర్ వలీ పనిచేసేది వాళ్ళింట్లోనే, మాటల్లో అతనే చెప్పాడు. తెలుగు సంఘం పండగల్లో పరిచయం. రాజమండ్రి వైపు వాళ్ళు, మంచి మర్యాదస్తులు.

"మీ ఇంట్లో పాత దేవుడి పటాలేవైనా కనిపించకుండా పోయాయా అండీ?"

"అదేంటండీ, ఎందుకలా అడుగుతున్నారు?"

ఊరికే అడిగానని పెట్టేయాల్సింది. అంతా చెప్పాను. పసుపు సంగతి రెండుసార్లు చెప్పాను. అమ్మవారి బొమ్మ ఫోటో కూడా పంపాను.

సోమవారం ఆవిడే చేసింది. "మా అత్తగారు పాత పటాలన్నీ ఒక పెట్టెలో పెట్టుకునేదండీ. స్టోర్ రూమంతా వెతికాం, లేదు. మీరు చెప్పబట్టి తెలిసింది. వీణ పట్టుకున్న అమ్మవారు అందులో ఉన్నట్టే గుర్తు నాకు. కారు తాళాలు తీసేసుకున్నాం. మా వారు వీసా క్యాన్సిల్ చేసి పంపించేద్దామంటున్నారు. ఆ బొమ్మలు మా ఇంటికి పంపించేయండి."

ఫోన్ పెట్టేశాక, నిజం చెబుతున్నాను, నాకు సంతోషమే కలిగింది. చూశావా, కనిపెట్టాను అనుకున్నాను.

మంగళవారం ఖాదర్ వలీ టాక్సీలో వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పద్మజ మేడమ్‌కి మీరు ఫోన్ జేసినారంటనే."

"చేశాను."

"నన్ను అడిగింటే చెప్పేవాణ్ణి గదమ్మా."

"అడిగాను కదా. పసుపు ఎలా వచ్చిందో చెప్పలేకపోయావు."

"తెలిస్తేనే గదా చెప్పేది." బీరువా వైపు చెయ్యి చూపించాడు. "నా సంగతి ఎట్లన్నా గానీండి. ఊరికి పంపితే పోతా. ఆ బొమ్మలు మాత్రం పాప చేతికే ఇయ్యండి. పద్మజ మేడమ్‌కి ఇయ్యొద్దు. ఆమెవి కావయ్యి."

వాళ్ళ చేతికి ఎందుకు ఇవ్వొద్దంటున్నాడు, వాళ్ళ అత్తగారు చూస్తే గుర్తుపడుతుందనా? అదీ అనుమానమే. "చూద్దాం" అన్నాను. అతను వెళ్ళిపోయాడు. అర్బాబ్ తలుపు దగ్గర నిలబడి అంతా చూశాడు. ఆయనకు తెలుగు రాదు. అయినా "ఆ మనిషిని ఎందుకు నిలబెట్టి మాట్లాడావు?" అని అడిగాడు. కూర్చోమన్నాను, ఆయనే కూర్చోలేదు అన్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

బుధవారం పని మొదలుపెట్టాను. బూజు పట్టిన కాగితాన్ని కడగాల్సి వస్తే ముందు స్పాట్ టెస్ట్ చేయాలి. అంటే ఒక మూల ఆవగింజంత చుక్క నీళ్ళు వేసి, బ్లాటర్ అనే పీల్చే కాగితంతో అద్ది, రంగు కారుతుందేమో చూడటం. పాత కాగితంలో పులుపు చేరి పెళుసెక్కుతుంది కాబట్టి, కడగడానికి సున్నపు తేట కలిపిన నీళ్ళు వాడతాం. పసుపు మీద సున్నం పడితే ఏమవుతుందో దిష్టి తీసే ఇంట్లో చిన్నపిల్లకైనా తెలుసు. ఎర్రగా తిరుగుతుంది.

నాకు ఆ ఎరుపు కావాలి. ఫోటో తీసి పద్మజ గారికి పంపాలి. అందుకని ఆవగింజంత వేయాల్సిన చోట, అమ్మవారి బొమ్మ మూల మీద, కందిగింజంత వేశాను. ఇరవయ్యేళ్ళ పనిలో అలా ఎప్పుడూ చేయలేదు.

ఎర్రబడలేదు. పసుపు పసుపుగానే ఉంది. ఇంకాస్త ఆగాను. బ్లాటర్‌తో అద్దాను. బ్లాటర్‌కి లేత పసుపు అంటింది. కాగితం మీద కందిగింజంత మచ్చ తెల్లబడి మిగిలింది. కొంచెం పసుపు పక్క హోటలు వంటింట్లోంచి తెప్పించి వేరే కాగితం మీద పూసి, అదే నీళ్ళు వేశాను. చటుక్కున ఎర్రబడింది. నీళ్ళు సరైనవే. మూలల్లో ఉన్నది పసుపు కాదు.

భూతద్దం తీసుకుని మూలను మళ్ళీ చూశాను. వేలితో పెట్టిన పసుపుకి అంచు ఉండదు, చెదిరి ఉంటుంది. ఇక్కడ ప్రతి మూలా స్కేలు పెట్టి గీసినట్టు త్రికోణం. కార్నర్ అంటే బొమ్మను అట్టకు అతికించకుండా నాలుగు మూలల్నీ పట్టుకునే చిన్న కాగితపు జేబు. సరిగ్గా దాని ఆకారం. సరిచేయడానికి అతికించిన ముక్క ఒకటి అమ్మవారి మోచేతి దగ్గర కొద్దిగా లేచి ఉంది. దాన్ని పట్టకారుతో ఎత్తి చూశాను. కింద కాగితం అంతా పసుప్పచ్చగా ఉంది.

ఈ కాగితం మొదట మొత్తం పసుప్పచ్చగానే ఉండేది. అక్కడి మఠాల్లో చదివే పుస్తకాల కాగితానికి ఒక చెట్టు బెరడు రంగు పట్టించేవాళ్ళు, పురుగు ముట్టదని. నేను చదువుకున్న విషయమే. ఏళ్ళ తరబడి గోడ మీద వెలుతురు తగిలి రంగంతా పోయింది. కార్నర్ల కింద, అతుకు కింద, వెలుతురు చేరని చోట మాత్రం మిగిలింది. గోడ మీద ఉన్నప్పుడు లేదు, కార్నర్లలోంచి తీశాక కనపడింది అని ఖాదర్ వలీ చెప్పింది అక్షరాలా నిజం. వంట మనిషి గమనించి చెప్పిన దాన్ని కాగితాల డాక్టరుని నేను వినలేదు. నేను కాగితాన్ని చూడలేదు, మా ఇంటి శుభలేఖని చూశాను.

నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ మనిషి పేరు ఖాదర్ వలీ కాకుండా ఏ సుబ్బారావో అయితే నా లెక్క అంత తొందరగా కుదిరేదా అని నన్ను నేనే అడిగాను. కుదిరేది కాదు.

గురువారం బౌషర్ వెళ్ళాను. ఫోన్‌లో చెడగొట్టిన పని ఫోన్‌లో బాగుచేయకూడదని అనిపించింది. పద్మజ గారు కాఫీ ఇచ్చింది. బ్లాటర్‌నూ, ఎర్రబడ్డ కాగితాన్నీ చూపించి, అంతా వివరంగా చెప్పాను.

"మా అత్తగారికీ ఫోన్ చేశానండీ నిన్న" అంది ఆవిడ. "ఆ పెట్టె ఇక్కడికి తేనే లేదట. రాజమండ్రిలోనే ఉందట."

"మరింకేం? ఖాదర్ వలీకి చెప్పేయండి, డ్యూటీకి రమ్మని."

"అలా ఎలాగండీ? పిల్లల్ని బడికి తీసుకెళ్ళే మనిషి. ఒకసారి మనసులో పడ్డాక తాళాలు చేతికి ఎలా ఇస్తాం?"

"అతను ఏ తప్పూ చేయలేదు కదా. తప్పు నాది."

"మీరు చెప్పారని కాదులెండి. నాకూ ఎప్పుడూ కొంచెం అనిపిస్తూనే ఉండేది. ఒక్కోసారి పెట్రోలుకెళ్ళి ఆలస్యంగా వచ్చేవాడు." కాఫీ కప్పు తీసుకుంది. "మా వారు రిలీజ్ ఇస్తామన్నారు. క్యాన్సిల్ మాత్రం చేయంలెండి."

రిలీజ్ అంటే వేరే చోట ఉద్యోగం చూసుకోవడానికి ఒప్పుకుంటూ ఇచ్చే కాగితం. అదైనా దక్కిందని సంతోషించాలన్నట్టు మాట్లాడింది. ఆదివారం నేను ఇచ్చిన అనుమానాన్ని గురువారం వెనక్కి అడిగితే, అది అప్పటికే ఆవిడ సొంతమైపోయింది. ఎంత బతిమాలినా కదల్లేదు.

శుక్రవారం సాయంత్రం షాపు తెరిచాక ఖాదర్ వలీ, సార్ కూతురు కలిసి వచ్చారు. పేరు మిహో. నలభై దాటిన మనిషి. నీళ్ళు పెట్టకుండా బ్రష్షుతోనే దుమ్మూ బూజూ తీసి, బొమ్మల్ని ఇంకా కార్నర్లు తొడగని కొత్త మౌంట్లలో బల్ల మీద పరిచాను. ఆమె ఒక్కొక్కదాని ముందు ఆగుతూ వచ్చింది. అమ్మవారి ముందు చాలా సేపు ఆగింది. తర్వాత వంగి, మూల మీద వేలు పెట్టకుండా చూపించింది.

"ఈ తెల్ల మచ్చ కొత్తదిలా ఉందే?" అని ఇంగ్లీషులో అడిగింది.

నేను నోరు తెరిచేలోపే ఖాదర్ వలీ అన్నాడు. "మై హ్యాండ్, మేడమ్. తీసేటప్పుడు నీళ్ళ చెయ్యి తగిలింది. సారీ."

ఆమె ఫరవాలేదన్నట్టు తల ఊపింది. నేను మాట్లాడలేదు. మాట్లాడాల్సిన క్షణం అదే, నాకు తెలుసు. బొమ్మలు పెట్టెలో సర్దాక, అతను దాన్ని ఆమె అద్దె కారులో పెట్టడానికి బయటికి మోసుకెళ్తుంటే వెంట వెళ్ళాను.

"ఎందుకలా చెప్పారు?"

"మీ అర్బాబ్ ఆడనే ఉన్నాడు గదమ్మా. మీరు జేసినారంటే మీ డ్యూటీ పోతాది. డ్యూటీ పోతే ఎట్లుంటాదో ఈ వారం చూసినా." పెట్టె సీటు మీద పెట్టి, కదలకుండా దుప్పటి చుట్టూ కుక్కాడు.

లోపలికి వచ్చాను. అర్బాబ్ వింటుండగానే మిహోకి మొత్తం చెప్పాను. మచ్చ నాది, అనుమానం నాది, ఆ ఫోన్ నాది, అతని ఉద్యోగం పోయింది నా వల్ల. అర్బాబ్ టేబులు మీది తస్బీ జపమాల తీసుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

"మీరు ఆ ఇంటివాళ్ళకి చెప్పారు" అంది మిహో. "నాకు చెప్పారు. అతనికి చెప్పారా?"

లేదు. బుధవారం నుంచి శుక్రవారం దాకా నేను అందరి దగ్గరికీ పరిగెత్తాను. కాగితం గురించి వివరించాను, బ్లాటర్ చూపించాను. క్షమించమని ఆ మనిషిని ఒక్క మాట అడగలేదు. అసలు తట్టనే లేదు.

మళ్ళీ బయటికి వెళ్ళాను. ఖాదర్ వలీ కారు పక్కన నిలబడి ఉన్నాడు. చెప్పాను. అతను పూర్తిగా విన్నాడు. "సరేమ్మా" అన్నాడు. పర్లేదని అనలేదు. అనాలని నేను ఆశపడ్డాను, అతను అనలేదు.

ఇప్పుడు అతను సమాయిల్‌లో ఒక ఖర్జూరాల షాపు బండి నడుపుతున్నాడు. ఆ పని అతనే చూసుకున్నాడు, నేను చేసిందేమీ లేదు. నా ఉద్యోగం పోలేదు. నా అనుమానపు బుద్ధి కూడా పోలేదు, పోయేది కాదు. మొన్న కూడా ఒక వీలునామా చూసి నా కనుబొమలు పైకి లేచాయి. అయితే ఇప్పుడు ఫోన్ తీయను. కాగితం తెచ్చిన మనిషికి కుర్చీ చూపించి, కూర్చునేదాకా ఆగి, ఇది మీ దగ్గరికి ఎలా వచ్చింది అని అడుగుతాను. చెప్పింది చెప్పినట్టు, నాకు నమ్మకం కలగని మాటతో సహా, కండిషన్ రిపోర్టులో రాసుకుంటాను. ఆ శనివారం రిపోర్టు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో పదకొండు బొమ్మల మీది ప్రతి మరకా రాసి ఉంది. ఖాదర్ వలీ చెప్పిన మాట ఒక్కటి కూడా లేదు.